బ్రేకు నడుస్తది సార్

ఈ మధ్య పాలిటెక్నిక్కుల్లో కొత్తగా చేరిన పిల్లలు కొందరు సంతోష్‌నగర్‌లోని మా ఇంటికి వచ్చి, "మేడమ్, మీ రోజుల్లో ఇన్నోవేషన్ ఎలా జరిగేది?" అని అడుగుతున్నారు. మా రోజుల్లో ఆ మాట లేదు. మాట లేదు కాబట్టి దాని మీద సదస్సులు లేవు. సదస్సులు లేవు కాబట్టి మధ్యాహ్నం పూట కాస్త పని జరిగేది. ఇప్పుడు మాట వచ్చిందట, మంచిదే. ఆ మాటతో పాటు పని కూడా వచ్చిందేమో నాకు తెలియదు, పెన్షన్ తీసుకునేదాన్ని, పెద్ద విషయాలు నన్ను అడక్కూడదు.

నాకు తెలిసింది ఒక చిన్న మాట. పాతబస్తీలో రోజుకు వందసార్లు వినిపించే మాట. అది సరిగ్గా వినకపోవడం వల్ల ఒక మనిషి కాళ్లు పోవలసింది. ఆ సంగతి రాస్తాను. ప్రమోషన్లు, ప్రశంసాపత్రాలు కావాలంటే మా సహోద్యోగుల పుస్తకాలు చదువుకోవచ్చు, వాటిలో అవి తప్ప వేరే ఏమీ లేవు.

విరిగిన బల్లల గది

డెబ్బైల మొదట్లో నేను పాతబస్తీలో ఒక పాలిటెక్నిక్‌లో డ్రాయింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేరాను. దాని పేరు చెప్పను. ఆ గోడలు ఇంకా నిలబడే ఉన్నాయి, వాటిని నొప్పించడం దేనికి. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. ఆడపిల్ల యంత్రాల బొమ్మలు గీస్తుందా అని చర్చిలో ఎవరో ఆశ్చర్యపోతే, "మొగోళ్లు గీసినయి గూడ చూసినం గద" అన్నాడు. నా ఉద్యోగానికి దొరికిన మొదటి సిఫారసు అదే.

నేను చేరిన కొద్ది రోజులకే పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. ప్రతి పాలిటెక్నిక్కూ చుట్టుపక్కల కష్టపడి బతికేవాళ్లకు పనికొచ్చే వస్తువులు కనిపెట్టాలి, దానికొక విభాగం పెట్టాలి అని. మాకు ఒక గది ఇచ్చారు. అందులో విరిగిన బల్లలు ఉండేవి. విభాగం వచ్చిందని బల్లలు బయటికి పోలేదు, వాటి మధ్యలోకి మేమే వెళ్లి కూర్చున్నాం.

విభాగం అంటే ముగ్గురం. ప్రిన్సిపాల్ కృష్ణమూర్తి గారు, వర్క్‌షాపు ఫిట్టర్ ఖాదర్ భాయ్, నేను. ఖాదర్ భాయ్ బార్కస్ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు, ఇనుముతో ఎంత మాట్లాడేవాడో మనుషులతో అంత తక్కువ మాట్లాడేవాడు. నన్ను ఎందుకు తీసుకున్నారని అడిగితే ప్రిన్సిపాల్ గారు దాచుకోకుండా చెప్పారు. "నీ చేతిరాత బాగుంటుందమ్మా."

కృష్ణమూర్తి గారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చారు. మంచివారు. ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలకు ఒక మాట చెబుతాను, మంచి బాసు కింద పని చేయడం కష్టం. చెడ్డవాడైతే వద్దంటాడు, మనం ఇంటికి పోతాం. మంచివాడు ప్రతిదానికీ ఔనంటాడు, పైగా తనే ఇంకో నాలుగు ఆలోచనలు తెస్తాడు. ఆయనకు పేర్లు పెట్టడమంటే మహా ఇష్టం. వస్తువు ఇంకా నా కాగితం మీదికి రాకముందే దానికి సంస్కృతంలో పేరు సిద్ధంగా ఉండేది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, మా విభాగం నిండా సోమలింగాలే.

మిరపకాయల సెలవు

మొదటి సోమలింగం మిరపకాయల దుమ్ము తీసే యంత్రం. ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి కొట్టు నడిపే ఒక సేఠ్, బస్తాలు కుమ్మరించి జల్లించే ఆడవాళ్లకు దగ్గు పట్టుకుంటోందని చెప్పాడు. మంచి సమస్య. పెద్ద ఫ్యాను ఒకటి, జల్లెడ ఒకటి, రేకు గొట్టం ఒకటి కలిపి ఖాదర్ భాయ్ చక్కగా తయారుచేశాడు. ప్రిన్సిపాల్ గారు దానికి 'ధూళి సంహారిణి' అని పేరు పెట్టి, అందరూ చూడాలని వరండాలో పరీక్ష పెట్టించారు.

గొట్టం మూతి ఎటు ఉందో ఎవరూ చూడలేదు. స్విచ్చి వేయగానే మిరప దుమ్మంతా తరగతి గదుల్లోకి పోయింది. మొదట మొదటి సంవత్సరం వాళ్లు తుమ్మారు, తర్వాత అందరూ తుమ్మారు. గణితం లెక్చరర్ గారు కిటికీలోంచి దూకారు. మధ్యాహ్నం నుంచి కాలేజీకి సెలవిచ్చారు. ఖాదర్ భాయ్ కళ్లు తుడుచుకుంటూ, "హవా కిధర్ జారీ దేఖ్నా థా నా మేడమ్" అన్నాడు, గాలి ఎటు పోతుందో చూసుకోవాల్సిందని. నివేదికలో మాత్రం, ఫలితం ఆశించిన దానికంటే విస్తృతంగా కనిపించిందని ప్రిన్సిపాల్ గారు చెప్పి రాయించారు. నా చేతిరాత బాగుండటం వల్ల అది నిజంలాగే కనిపించింది.

ఆ రోజు చదువుకున్న పిల్లలు ఇప్పటికీ ఎదురైతే ఆ యంత్రాన్ని ప్రేమగా గుర్తు చేసుకుంటారు. మా విభాగం కనిపెట్టిన వాటిలో ప్రజలకు నిజంగా సంతోషం పంచింది అదొక్కటే.

యాదయ్య కాలు

ఉస్మాన్‌గంజ్ నుంచి చింతపండు, బెల్లం, మిర్చి బస్తాలు పాతబస్తీ దుకాణాలకు చేతిబండ్ల మీద పోయేవి. రెండు చక్రాల బండి. ముందున్న రెండు కర్రల మధ్య ఒకరు నిలబడి లాగుతారు, వెనక ఇంకొకరు తోస్తారు. ఎక్కుడు వస్తే చెమట కారుతుంది, అంతే. దిగుడు వస్తేనే భయం. నిండు బండి ముందున్న మనిషిని తరుముకుంటూ వస్తుంది.

యాదయ్య, జంగయ్య అన్నదమ్ములు, ఇద్దరిదీ ఒకే బండి. ఒక వానరోజు బార్కస్ దిక్కు పోయే దారిలో దిగుడు దగ్గర, ముందున్న యాదయ్య జారాడు. చక్రం కాలి మీదుగా పోయింది. ప్రాణం మిగిలింది గానీ కాలు పనికి రాకుండా పోయింది. అతను ఇంట్లో కూర్చున్నాడు, రెండు సంసారాల తిండీ జంగయ్య బండి మీద పడింది.

ఈ సంగతి చింతపండు కొట్టు దగ్గర విని ప్రిన్సిపాల్ గారు యాదయ్య ఇంటికి వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. నులకమంచం మీద కూర్చున్న యాదయ్య కాలు చూసి ఆయన కన్నీళ్లు పెట్టుకున్నారు. అవి నిజం కన్నీళ్లు. ఆయన గురించి ఎన్ని వేళాకోళాలు ఆడినా ఆ ఒక్కదాన్ని ఆడను. దారిలో, "బండికి బ్రేకు ఉండాలమ్మా, ఇంత చిన్న విషయం ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదేమిటి" అన్నారు. ఇల్లు చేరేలోపు పేరు కూడా తట్టింది. 'శకట నిరోధిని.'

మేము ఉస్మాన్‌గంజ్‌లో కూర్చుని ఆ పూట వచ్చిన బండ్లన్నీ చూశాం. ప్రతి బండికీ ముందొకరు, వెనకొకరు. కాబట్టి వెనకున్న మనిషి తొక్కేలా పెడల్ పెట్టాం. తొక్కితే రబ్బరు దిమ్మె చక్రాన్ని పట్టుకుంటుంది. వర్క్‌షాపులో అటెండరు వెనక నిలబడి తొక్కితే బండి బుద్ధిగా ఆగింది. మొదటిది ఎవరికివ్వాలి అన్నప్పుడు ప్రిన్సిపాల్ గారు, "యాదయ్య తమ్ముడికే. అంతకంటే న్యాయం ఏముంటుంది?" అన్నారు. మాకందరికీ అది న్యాయంగానే తోచింది. బ్రేకు బిగించి ఇచ్చి పేరు చెబితే జంగయ్య శకటను చక్కెరగా విని, వినయంగా, "షక్కర్ ఏంది సార్?" అని అడిగాడు.

ఒక మాటకు అర్థం

అప్పటినుంచి ప్రిన్సిపాల్ గారు వీలున్నప్పుడల్లా రిక్షా ఎక్కి ఉస్మాన్‌గంజ్‌కు వెళ్లి విచారించేవారు. నేను కాగితాలతో వెంట ఉండేదాన్ని.

"ఏమయ్యా జంగయ్యా, బ్రేకు ఎలా ఉంది?"

"నడుస్తది సార్."

"ఇబ్బంది ఏమైనా ఉందా?"

"ఏం లేదు సార్. నడుస్తది."

"రాసుకో అమ్మా, నడుస్తుందట" అనేవారు నా వైపు తిరిగి.

ఇక్కడ కాస్త ఆగి ఆ మాట సంగతి చెప్పాలి. మా దగ్గర చాయ్ చల్లారిపోతే నడుస్తది. చొక్కా కుట్టినవాడు చేయి ఒకటి పొడవు, ఒకటి పొట్టి పెడితే నడుస్తది. పెళ్లిచూపుల్లో పిల్లాడి మొహం చూసి నడుస్తది అన్నారంటే, పాపం ఆ పిల్లకు ఇంకో సంబంధం రాలేదని. బాజారులో ఉర్దూవాళ్లు చల్తా అంటారే, అది దీనికి సొంత తమ్ముడు. నడుస్తది అంటే బాగుందని కాదు. బాగాలేదని చెప్పి మీ మనసు ఎందుకు నొప్పించాలి, మేమే ఎట్లనో సర్దుకుంటాం అని. కోస్తా నుంచి వచ్చిన మనిషికి నడుస్తుంది అంటే నడుస్తుందనే. పైగా బ్రేకు గురించి అడిగితే నడుస్తది అన్నాడు. ఆగడానికి పెట్టిన వస్తువు నడుస్తుందని చెబితే ఎవరికైనా అనుమానం రావాలి. ఆయనకు రాలేదు.

నేను ఒకసారి చెప్పబోయాను. "సార్, మా దగ్గర నడుస్తది అంటే..."

"సుగుణమ్మా, ఆయన స్పష్టమైన తెలుగులో చెప్పాడు కదా. నువ్వు మళ్లీ దాన్ని అనువాదం చేస్తావెందుకు?"

ఆ రోజుల్లో ఎవరి తెలుగు అసలైన తెలుగు అనే లొల్లి ఊరంతా ఉండేది. విరిగిన బల్లల మధ్యకు కూడా దాన్ని తేవడం ఎందుకని ఊరుకున్నాను. కానీ ఆ మాట చెవిలో రాయిలాగా ఉండిపోయింది.

టిఫిన్ వేలాడే పెడల్

కొలతలు చూడాలన్న వంకతో ఒకరోజు నేనొక్కదాన్నే ఉస్మాన్‌గంజ్‌కు పోయాను. చింతపండు కొట్టు ముందు జంగయ్య బండి నిలిపి ఉంది. మా పెడల్‌కు అతని టిఫిన్ డబ్బా వేలాడుతోంది. ఇంకో పక్క తువాల ఆరేసి ఉంది. చక్రానికి ఆనాల్సిన రబ్బరు దిమ్మె మేము ఇచ్చిన రోజు ఎంత కొత్తగా ఉందో అంత కొత్తగానే ఉంది.

"జంగయ్యా, ఇది తొక్కుతలేవా?"

అతను నవ్వాడు. దొరికిపోయినవాడి నవ్వు. "నడుస్తదమ్మా."

"నేను గీ ఊరిదాన్నే. నాకు జెప్పకు ఆ మాట."

అప్పుడు కింద కూర్చున్నాడు. "ఎట్ల తొక్కాలె అమ్మా. ఎనుకకు పోయి తొక్కుదామంటే ముందర ఎవలు పట్టుకోవాలె? ముందర పట్టుకుంటే ఎనుక ఎవలున్నరు? మా అన్న ఉంటుండె."

మేము ముగ్గురం ఎంత తెలివైనవాళ్లమో నాకు అప్పుడు తెలిసింది. వెనక మనిషి ఉంటేనే పనిచేసే బ్రేకును, ఆ ఊళ్లో వెనక మనిషి లేని ఒకే ఒక్క బండికి వెతికి వెతికి బిగించాం. అదీ న్యాయం కోసం. కాగితం మీద ముందుకూ వెనక్కూ జానెడు దూరమే ఉంటుంది, బండి మీద ఆ జానెడు ఒక మనిషి.

"మరి దిగుడు కాడ ఎట్ల దిగుతున్నవ్?"

చెప్పు తీసి చూపించాడు. టైరు చెప్పు. మడిమ దగ్గర అరిగి అట్టలాగా అయింది. "మడిమెలు ఆనిచ్చి దిగుత. దేవుని దయ."

"సార్‌కు ఎందుకు జెప్పలేదు?"

"సార్ మా ఇంటికొచ్చి మా అన్న కాలు జూసి ఏడ్చిండమ్మా. గసొంటి మనిషికి నీ బ్రేకు పనికిరాదని ఏ మొకంతోని జెప్పాలె? టిఫిన్ పెట్టుకుంటందుకు మంచిగనే ఉంది గద."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. మర్యాదతో మనుషులు చచ్చిపోతారని పుస్తకాల్లో ఎక్కడా రాయలేదు, రాయాలి.

చేసినవాడే ముందుండాలి

వెంటనే వచ్చి ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. ఆయన నమ్మలేదు. "ఇన్నాళ్లూ నాతో నడుస్తుందన్నవాడు నీతో ఒక్కదానితో నడవదన్నాడా?" అన్నారు. అప్పటికే ఆయన నివేదికలో ఒక వాక్యం కలిపి పైకి పంపేశారు. ఒంటరి మనిషి సైతం నిండు బండిని నిర్భయంగా దింపగలడు అని. జంగయ్య ఒంటరివాడు, జంగయ్య నడుస్తది అన్నాడు, కాబట్టి. తర్కంలో తప్పు లేదు.

ఆ వాక్యం చదివి సచివాలయం నుంచి ఒక పెద్దాయన చూడటానికి వస్తానన్నారు. ఆయన తలూపితే ఊళ్లో బండ్లన్నిటికీ ఇదే బ్రేకు బిగిస్తారు. మా గేటు ముందు రోడ్డు బాగా వాలు, సైకిళ్ల మీద వచ్చే పిల్లలు దిగి పట్టుకుని నడిచే వాలు. అక్కడ చింతపండు బస్తాలతో నిండు బండిని జంగయ్య ఒక్కడే దింపి చూపించాలని నిర్ణయం. వెనక మనిషి ఉండకూడదు, ఉంటే వాక్యం అబద్ధమవుతుంది.

జంగయ్యను పట్టుకుని, నావల్ల కాదని చెప్పెయ్ అన్నాను. "సార్ అడిగిండమ్మా. కాదంటనా?" అన్నాడు. అంత బరువు అతను ఎప్పుడూ ఒంటరిగా దింపలేదు. ఆ ఇంట్లో ఇంకో కాలు పోతే పొయ్యి వెలిగించేవాళ్లు ఉండరు. ఖాదర్ భాయ్‌కి చెబితే తల పట్టుకుని, "మేడమ్, కుఛ్ కరో" అన్నాడు. ఏమి చేయాలో అతనికీ తెలియదు.

ముందురోజు మా నాన్నను అడిగాను. ఆయన అన్నం తింటూ తలెత్తకుండా, "మా షాపుల బ్రేకు జేసినోడే ముందుగాల ఎక్కుతడు బిడ్డా. ఫోర్మన్ జేస్తే ఫోర్మన్ ఎక్కుతడు" అన్నాడు.

పెద్దాయన వచ్చారు. దండలు, చాయ్, ఫొటోగ్రాఫరు, అన్నీ అమిరాయి. వాలు మొదట్లో బండి సిద్ధంగా ఉంది, నిండా బస్తాలు, చక్రాల కింద అడ్డం రాళ్లు. జంగయ్య కర్రల మధ్యకు పోబోతుంటే నేను పెద్దాయన వినేలా, వీలైనంత అమాయకంగా అన్నాను. "సార్, రైల్వేలో ఒక మంచి ఆనవాయితీ ఉందండీ. బ్రేకు తయారుచేసినవారే మొదట దాని ముందు నిలబడతారు. మన ప్రిన్సిపాల్ గారు పట్టుకుంటే ఫొటోకు కూడా బాగుంటుంది."

పెద్దాయన ముచ్చటపడ్డారు. "భేష్, మీరే పట్టుకోండి కృష్ణమూర్తి గారూ" అన్నారు. ఫొటోగ్రాఫరు అప్పుడే ఎదురుగా వాలులోకి పరిగెత్తాడు. ప్రిన్సిపాల్ గారు మెడలో దండతో, చిరునవ్వుతో, రెండు కర్రలూ ఎత్తి పట్టుకున్నారు. బరువు భుజాల్లోకి దిగింది. చిరునవ్వు ఉంది గానీ కాస్త పక్కకు జరిగింది. ఖాదర్ భాయ్ రాళ్లు తీయడానికి వంగాడు, వంగి అక్కడే ఆగిపోయాడు.

ప్రిన్సిపాల్ గారు ముందున్న వాలును చూశారు. తర్వాత పక్కన నిలబడ్డ జంగయ్యను అడిగారు. మామూలుగా అడిగే ప్రశ్నే, గొంతు మాత్రం వేరు.

"ఏమయ్యా, బ్రేకు... నడుస్తుంది కదా?"

జంగయ్య చేతులు కట్టుకుని, ఎప్పటిలాగే మర్యాదగా చెప్పాడు. "నడుస్తది సార్."

ఆయన తల తిప్పి వెనక్కి చూశారు. బస్తాల అవతల, చేయి అందనంత దూరంలో పెడల్. దాని దగ్గర ఎవరూ లేరు. ఇన్నాళ్లూ నేను చెప్పలేకపోయిన అర్థం ఆయన ముఖంలోకి దానంతటదే వచ్చింది. బండి ముందు నిలబడితే తెలంగాణ తెలుగు అంత తొందరగా అర్థమవుతుందని నాకూ అప్పటివరకు తెలియదు.

"వెనక ఎవరుంటారయ్యా?" అన్నారు మెల్లగా.

"ఎవ్వల్లేరు సార్. మా అన్న ఉంటుండె."

ఆయన కర్రలు కిందికి దించేశారు. దండ తీసి బస్తాల మీద పెట్టారు. పెద్దాయన వైపు తిరిగి, "క్షమించాలి. ఇది పనిచేయదు" అన్నారు. అంతమంది ముందు ఆ మాట అనగలిగిన అధికారిని నా సర్వీసులో మళ్లీ చూడలేదు. పెద్దాయన రెండో చాయ్ తాగి, "పర్వాలేదు, చల్తా హై" అని కారెక్కి వెళ్లిపోయారు.

ఆ ఒక్క మాట

తర్వాత మేము పెడల్ పీకేసి, సైకిల్ హ్యాండ్ బ్రేకులాగా తీగ లాగి ముందు కర్రకు పిడి పెట్టాం. రబ్బరు జారింది. తోలు వేశాం, వానకు నానింది. చివరికి చెక్క దిమ్మె నిలబడింది. పెట్టిన ప్రతిసారీ ప్రిన్సిపాల్ గారు తనే కర్రల మధ్య నిలబడి గేటు వాలు దిగేవారు, మొదట ఖాళీ బండితో, తర్వాత ఒక్కో బస్తా పెంచుకుంటూ. ఒకసారి బండి ఆయన్ను కాలువ దాకా తీసుకుపోయింది. పంచె చిరిగింది, ఉత్సాహం చిరగలేదు. దీనికి మాత్రం పేరు పెట్టలేదు. జంగయ్యను ఎలా ఉందని అడగడం కూడా మానేశారు. ఆ పని నాకు అప్పజెప్పారు.

వానలు మొదలయ్యాక ఒకరోజు జంగయ్య మా గేటు దగ్గరికి వచ్చాడు. కాళ్లకు కొత్త చెప్పులు.

"ఎట్లున్నది జంగయ్యా?" అని అడిగాను. ఏ మాట వస్తుందోనని నాకు లోపల భయంగానే ఉంది.

"ఆగుతదమ్మా" అన్నాడు.

ఇంకేమైనా చెబుతాడేమో అని చూశాను.

"నిన్న మా అన్నను బార్కస్ దవాఖానకు తోల్కపోయిన. బస్తాల మీద కూసోబెట్టిన. గదే దిగుడమ్మా. అన్న కండ్లు మూసుకున్నడు. కిందికి పోయినంక, కండ్లు తెరువన్నా, అచ్చినం అని నేనే జెప్పిన."

నేను లోపలికి వెళ్లి నివేదిక తీశాను. వస్తువు ఎలా నడుస్తున్నది అని అచ్చులో ఉన్న ప్రశ్న ఎదురుగా 'ఆగుతది' అని రాశాను. నా అందమైన చేతిరాతతోనే. ప్రిన్సిపాల్ గారు కళ్లజోడు పెట్టుకుని ఆ ఒక్క మాట చదివారు. అర్థం అడగకుండా సంతకం పెట్టారు.